46 రోజుల్లో 3 సార్లు నెట్ ఢమాల్.. హ్యాకర్లు కాదు, ఒక్క సెట్టింగ్! సర్వర్ల వెనక అసలేం జరిగింది?

అక్టోబర్ 20, 2025. దీపావళి రోజు. మన టైం ప్రకారం మధ్యాహ్నం 12:18. స్నాప్‌చాట్ ఓపెన్ కాలేదు. పండగ పోస్టర్ చేద్దామని కాన్వా తెరిచినవాళ్లకు ఎర్రర్. అందరూ చేసిన పని ఒకటే.. వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయడం.

నవంబర్ 18, మంగళవారం. సాయంత్రం 4:50. ఈసారి ఎక్స్, చాట్‌జీపీటీ. ఏ సైట్ పడిపోయిందో చెక్ చేసుకునే డౌన్‌డిటెక్టర్ సైట్‌కే దెబ్బ తగిలింది.

డిసెంబర్ 5, శుక్రవారం. మధ్యాహ్నం 2:17. స్టాక్ మార్కెట్ నడుస్తోంది. జెరోధా, గ్రో యాప్‌లలో ఇబ్బందులు. 25 నిమిషాల్లో అంతా సర్దుకుంది. కానీ ఆ 25 నిమిషాల్లో చేతిలో ఓపెన్ పొజిషన్ ఉన్నవాళ్లను అడగండి, ఎంత పొడుగ్గా గడిచాయో చెప్తారు.

మూడుసార్లూ సోషల్ మీడియాలో మొదట వినిపించిన మాట 'సైబర్ అటాక్'. మూడుసార్లూ అది తప్పే. ఏ హ్యాకరూ రాలేదు. ఎవరూ కేబుల్ కోయలేదు. మొదటిసారి ఒక అడ్రస్ రికార్డు ఖాళీ అయింది. రెండోసారి డేటాబేస్‌లో ఒక పర్మిషన్ మారింది. మూడోసారి ఒక టెస్టింగ్ టూల్ ఆఫ్ చేశారు. అంతే!

ఇంత చిన్న విషయానికి అంత పెద్ద కంపెనీలు ఎందుకు కూలబడుతున్నాయి? తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి గంటలు ఎందుకు పడుతోంది? ఈ రెండో ప్రశ్నే అసలైనది. హైదరాబాద్‌లో సర్వర్ల పని చేసే వేల మంది రోజూ నలిగేది దీని దగ్గరే.

బీరువా తాళం కథ

ముందు నవంబర్ 18 సంగతి చూద్దాం. ఎందుకంటే క్లౌడ్‌ఫ్లేర్ దాని మీద చాలా వివరంగా రిపోర్ట్ ఇచ్చింది. కంపెనీ సీఈఓ మాథ్యూ ప్రిన్స్ స్వయంగా తప్పు ఒప్పుకున్నారు. 2019 తర్వాత తమకు ఇదే అతి పెద్ద అంతరాయం అన్నారు.

క్లౌడ్‌ఫ్లేర్ అంటే? వెబ్‌సైట్ గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. మీరు సైట్ ఓపెన్ చేస్తే ముందు వాచ్‌మన్ చూస్తాడు. మనిషా, బాటా అని లెక్క కడతాడు. ఆ లెక్కకు ఒక ఫైల్ వాడతారు. ప్రతి 5 నిమిషాలకు ఒకసారి ఆ ఫైల్ కొత్తగా తయారై ప్రపంచమంతా ఉన్న సర్వర్లకు వెళ్తుంది. అందులో మామూలుగా 60 దాకా ఐటమ్స్ ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన లిమిట్ 200.

ఆ రోజు సాయంత్రం 4:35కి ఇంజినీర్లు డేటాబేస్‌లో పర్మిషన్ సెట్టింగ్ ఒకటి మార్చారు. సెక్యూరిటీ మెరుగు చేయడానికే. ఒకే సమాచారం ఆ డేటాబేస్‌లో రెండు చోట్ల కనిపించడం మొదలైంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే.. రిజిస్టర్‌కు ఒరిజినల్ ఒక బీరువాలో, కార్బన్ కాపీ ఇంకో బీరువాలో ఉన్నాయి. క్లర్కు దగ్గర ఇన్నాళ్లూ ఒక్క తాళమే ఉంది. 'రిజిస్టర్‌లో ఉన్న పేర్లన్నీ రాసుకురా' అంటే కరెక్ట్‌గా తెచ్చేవాడు. ఆ రోజు రెండో తాళం కూడా చేతికిచ్చారు. ఏ బీరువా అన్నది ఎవరూ చెప్పలేదు. రెండూ తెరిచి రెండింట్లోని పేర్లూ రాసుకొచ్చాడు. క్లర్కు తప్పు ఉందా? చెప్పిన పని చెప్పినట్టు చేశాడు కదా!

ఫైల్ సైజు డబుల్ అయింది. 200 లిమిట్ దాటింది. లిమిట్ దాటితే ఏం చేయాలో ప్రోగ్రామ్‌లో సరిగ్గా రాయలేదు. 'దాటదులే' అనుకున్నారు. దాటేసరికి ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ స్పృహ తప్పితే లోపల ఇల్లు ఎంత భద్రంగా ఉన్నా మనం వెళ్లలేం. అందుకే స్క్రీన్ మీద '500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్'.

వస్తోంది.. పోతోంది.. మళ్లీ వస్తోంది!

ఇప్పుడు ఇంజినీర్ల వైపు నుంచి చూడండి. అసలు నరకం ఇక్కడే మొదలైంది.

సిస్టమ్ పూర్తిగా పడిపోతే ఒక రకంగా నయం. ఇది అలా కాదు. పర్మిషన్ మార్పు డేటాబేస్ మెషిన్లన్నిటికీ ఒకేసారి వెళ్లలేదు, కొన్నింటికి వెళ్లింది, కొన్నింటికి వెళ్తోంది. మార్పు అందిన మెషిన్ ఫైల్ తయారు చేస్తే చెడ్డ ఫైల్. అందని మెషిన్ చేస్తే మంచి ఫైల్. 5 నిమిషాలు సైట్లు పడిపోతాయి, తర్వాత వాటంతట అవే లేస్తాయి, మళ్లీ పడతాయి. సొంత తప్పయితే ఇలా లేచి పడదు కదా, ఎవరో బయట నుంచి కొడుతున్నారేమో అని టీమ్ అనుమానించింది. అలా అనుకోవడంలో తప్పు లేదు.

దానికి తోడు ఇంకో దెబ్బ. క్లౌడ్‌ఫ్లేర్ స్టేటస్ పేజీ వాళ్ల సొంత సర్వర్ల మీద ఉండదు. బయట ఉంటుంది. సరిగ్గా అదే టైంకి అదీ పని చేయలేదు. యాదృచ్ఛికమేనని తర్వాత తేలింది. కానీ ఆ క్షణంలో మీరు వార్ రూమ్‌లో ఉంటే ఏమనుకుంటారు? ఇంట్లో కరెంటు పోయింది, అదే నిమిషంలో పక్కూళ్లో ఉన్న మీ చుట్టాలింట్లోనూ పోయింది. ఎవరో కావాలనే చేశారనే కదా!

రిపోర్ట్‌లో నన్ను ఎక్కువగా ఆపిన లైన్ వేరే ఉంది. తప్పులు జరిగినప్పుడు వాటి వివరాలు రాసిపెట్టే డీబగ్గింగ్ సిస్టమ్స్ ఉంటాయి. ఆ రోజు ఎర్రర్లు ఎన్ని వచ్చాయంటే, వాటి వివరాలు రాయడానికే ప్రాసెసర్ల మీద భారీ లోడ్ పడింది. దాంతో బాగున్న ట్రాఫిక్ కూడా నెమ్మదించింది. మంటలార్పే ఫైరింజనే రోడ్డుకు అడ్డం పడినట్టు! ఇక కస్టమర్లు సెట్టింగ్ మార్చుకుందామంటే డ్యాష్‌బోర్డ్‌లో లాగిన్ కాలేరు. ఎందుకంటే ఆ లాగిన్ దగ్గర ఉండే 'మీరు మనిషేనా' చెక్ కూడా క్లౌడ్‌ఫ్లేర్‌దే.

చివరికి చేసిందేంటి? చెడ్డ ఫైల్ తయారవడం ఆపారు. పాత మంచి ఫైల్‌ను చేత్తో పెట్టారు. రీస్టార్ట్ చేశారు. రాత్రి 8 గంటలకల్లా ప్రధాన ట్రాఫిక్ కుదుటపడింది. 10:36కి మొత్తం నార్మల్. పరిష్కారం చిన్నదే. దాని దగ్గరికి చేరడానికే దాదాపు మూడు గంటలు.

మిగతా రెండూ క్విక్‌గా

అక్టోబర్‌ది అమెజాన్ వెబ్ సర్వీసెస్ వ్యవహారం. నార్త్ వర్జీనియాలోని డేటా సెంటర్ల ప్రాంతం. డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీస్ ఎక్కడుందో చెప్పే డీఎన్ఎస్ అడ్రస్‌ను ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు అప్‌డేట్ చేస్తుంటాయి. ఒకటి ఆలస్యమై పాత అడ్రస్ లిస్టు రాసింది. ఇంకొకటి కొత్త లిస్టు పెట్టేశాను కదా అని పాతవాటిని క్లీన్ చేసింది. అప్పుడు వాడుకలో ఉన్నది ఆ పాత లిస్టే! అడ్రస్ ఖాళీ. ఆటోమేషన్ దానంతట అది సరిచేసుకోలేకపోయింది, మనుషులు దిగాల్సి వచ్చింది. డైనమోడీబీ మన టైం మధ్యాహ్నం 3 లోపే లేచింది. కానీ దాని మీద ఆధారపడ్డ సర్వీసులు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని, అన్నీ నార్మల్ అయ్యేసరికి మర్నాడు తెల్లవారుజామున మూడున్నర.

డిసెంబర్‌ది మళ్లీ క్లౌడ్‌ఫ్లేరే. ఇందులో ఉద్దేశం మంచిది. రియాక్ట్ అనే టూల్‌లో ప్రమాదకరమైన లోపం బయటపడింది. కస్టమర్లను దాన్నుంచి కాపాడదామని అర్జెంట్‌గా మార్పులు చేస్తున్నారు. మధ్యలో లోపల వాడే ఒక టెస్టింగ్ టూల్ ఆ మార్పుకు సహకరించలేదు. 'లోపల వాడేదే కదా, ఆఫ్ చేసేద్దాం' అనుకున్నారు. ఆఫ్ చేసే ఆ సెట్టింగ్ మెల్లగా కాకుండా సెకన్లలో నెట్‌వర్క్ అంతా వెళ్లింది. పాత కోడ్‌లో ఏళ్ల తరబడి ఎవరికీ కనపడని బగ్ ఒకటి నిద్ర లేచింది. క్లౌడ్‌ఫ్లేర్ మీదుగా వెళ్లే వెబ్ ట్రాఫిక్‌లో దాదాపు 28 శాతానికి దెబ్బ!

ఇది కొత్తేం కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ గుర్తుందా? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా వైరల్ అయింది. అది కూడా కోడ్ కాదు, ఒక కాన్ఫిగరేషన్ ఫైలే. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెర మీద ఆగిపోయాయి. కంపెనీ ఆ ఫైల్‌ను 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. ఏం లాభం? పడిపోయిన మెషిన్లు చాలావాటిని మనుషులే ఒక్కోదాని దగ్గరికి వెళ్లి లేపాల్సి వచ్చింది.

'కోడ్ కాదురా, సెట్టింగే చంపుతుంది'

నాతో ఇంటర్ చదివిన ఫ్రెండ్ ఒకడు గచ్చిబౌలిలో డెవాప్స్ ఇంజినీర్. అంటే సర్వర్లు, టూల్స్ సెట్ చేసి నడిపే పని. నవంబర్ ఔటేజ్ రాత్రి ఫోన్ చేసి, మీ టీమ్ పరిస్థితి ఏంట్రా అని అడిగా. "మాది కాదని తెలిశాక హ్యాపీగా టీ తాగాం రా" అన్నాడు. మాది కాదని తేల్చుకోవడానికి ఎంతసేపు పట్టింది అంటే.. "గంటన్నర. ఆ గంటన్నరలో మేం బాగున్న సెట్టింగులు మూడు మార్చేశాం. మళ్లీ అవి వెనక్కి పెట్టుకోవడానికి ఇంకో గంట."

అతను చెప్పిన చిక్కులు వింటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

యామల్ అనే ఫార్మాట్ ఉంది. సర్వర్ సెట్టింగులు చాలావరకు అందులోనే రాస్తారు. అక్కడ లైన్ ముందు ఎన్ని స్పేస్‌లు ఉన్నాయన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. ట్యాబ్ కొడితే ఒప్పుకోదు. స్పేసూ ట్యాబూ కంటికి ఒకేలా కనిపిస్తాయి! దీంట్లో 'నార్వే సమస్య' అని ఫేమస్ జోక్ ఒకటి. దేశాల కోడ్‌ల లిస్టులో నార్వే కోడ్ ఎన్, ఓ. కోట్స్ లేకుండా రాస్తే పాత యామల్ దాన్ని 'నో' అని చదివి, 'కాదు' అనే విలువగా మార్చేస్తుంది. లిస్టులోంచి దేశం దేశమే మాయం.

డాకర్ కంటెయినర్ల సంగతి ఇంకోటి. 'లోకల్‌హోస్ట్' అంటే 'ఈ మెషినే' అని అర్థం. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ పెడితే డేటాబేస్ లోకల్‌హోస్ట్‌లో దొరుకుతుంది. అదే ప్రోగ్రామ్‌ను కంటెయినర్‌లో పెడితే లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. లోపల డేటాబేస్ ఎక్కడుంటుంది? 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. ఎవరు రిఫ్యూజ్ చేశారు, ఎందుకు చేశారు.. మౌనం. కొత్తగా చేరిన కుర్రాళ్లు రోజులు రోజులు కూర్చునేది ఈ రెండు ముక్కల ముందే. 'నా సిస్టమ్‌లో పని చేస్తోంది సార్' అనే డైలాగ్ వినిపించేదీ ఇక్కడే.

ఆఖరికి టైం కూడా తంటానే. సర్వర్ లాగ్స్ ఎక్కువగా యూటీసీలో ఉంటాయి. మనకు ఐదున్నర గంటలు తేడా. క్లయింట్ అమెరికాలో ఉంటే మూడో గడియారం. 11:20కి ఎర్రర్ వచ్చిందంటే ఎవరి 11:20? అర్ధరాత్రి నిద్రలోంచి లేచి వేళ్ల మీద లెక్కేసుకోవాలి.

చిన్న సొంత అనుభవం చెప్తా. గతంలో నేను పని చేసిన ఒక చోట ఒక స్టోరీ హెడ్డింగ్‌లో మృతుల సంఖ్య తప్పు పడింది. రెండు నిమిషాల్లో సరిచేశాం. డెస్క్ కంప్యూటర్లలో కరెక్ట్‌గానే కనిపిస్తోంది. చదివేవాళ్ల ఫోన్లలో మాత్రం పాతదే. తిట్లే తిట్లు. మార్చాం మొర్రో అంటే ఎవరు నమ్ముతారు? రెండు గంటల తర్వాత తేలింది. మొబైల్ పేజీకి పాత కాపీ దాచుకునే టైం ఒక గంట బదులు ఒక రోజు అని ఎవరో పెట్టారు. ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు.. ఇప్పటికీ తెలీదు. చనిపోయినవాళ్ల లెక్క విషయంలో ఆ రెండు గంటలు చాలా సిగ్గుగా అనిపించింది.

అమీర్‌పేట్‌లో వెళ్లి చూడండి. జావా నేర్పుతారు, పైథాన్ నేర్పుతారు, క్లౌడ్ సర్టిఫికెట్లకు ట్రైనింగ్ ఇస్తారు. పగిలిపోయిన సర్వర్‌ను ముందు పెట్టి 'ఇందులో తప్పెక్కడో పట్టుకో' అనే క్లాస్ మాత్రం అరుదు. ఆ పాఠం ఉద్యోగంలోనే, అదీ రాత్రి రెండు గంటలకు, పైవాళ్లు కాల్‌లో 'అప్‌డేట్ ఏంటి' అని నిమిషానికోసారి అడుగుతుండగా నేర్చుకోవాలి.

బ్యాకప్ ఉంది.. కానీ లేదు

ఈ విషయంలో 2017 గిట్‌ల్యాబ్ ఉదంతం గురించి చెప్పకుండా ఉండలేం. జనవరి 31 రాత్రి. డేటాబేస్‌లో ఇబ్బంది వచ్చి ఒక ఇంజినీర్ గంటల తరబడి కుస్తీ పడుతున్నాడు. స్పేర్ సర్వర్‌లోని డేటా డిలీట్ చేయాలి. చేశాడు. సెకనో రెండో గడిచాక చూసుకుంటే అది స్పేర్ కాదు, అసలు సర్వర్! దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

సరే, బ్యాకప్ ఉంటుందిగా? రోజూ బ్యాకప్ తీసే టూల్ సెట్ చేసి ఉంది. కానీ డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ టూల్ వెర్షన్ 9.2. కుదరక ఫెయిల్ అవుతూ వచ్చింది. బ్యాకప్ దాచే చోట చూస్తే ఖాళీ. ఫెయిల్ అయితే మెయిల్ రావాలిగా? టూల్ పంపింది. ఆ మెయిల్స్‌కు సరైన సంతకం సెట్టింగ్ లేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. అంటే బ్యాకప్ టూల్ తన పని తాను చేసింది, మెయిల్ సర్వర్ తన పని తాను చేసింది. మధ్యలో కబురు చచ్చిపోయింది.

అదృష్టం కొద్దీ అదే ఇంజినీర్ ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టాడు. అదే కాపాడింది. మధ్యలో పోయిన ఆరేడు గంటల డేటాలో దాదాపు 5 వేల ప్రాజెక్టులు, 5 వేల కామెంట్లు, 700 కొత్త అకౌంట్లు తిరిగి రాలేదు. రికవరీ పనిని కంపెనీ యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. ఆ ఇంజినీర్‌ను ఉద్యోగంలోంచి తీయబోమని చెప్పింది. రిపోర్ట్‌లో పేరు కూడా రాయలేదు.

ఇక్కడే మన దగ్గర తేడా కొడుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ అయినా, గిట్‌ల్యాబ్ అయినా తప్పు నిమిషం నిమిషానికి విప్పి చెప్పాయి కాబట్టే మీకు ఈ వివరాలు చెప్పగలుగుతున్నా. మన దగ్గర సర్వర్ పడితే వచ్చేది ఒకటే లైన్.. 'సాంకేతిక కారణాల వల్ల'. రిజల్ట్స్ వెబ్‌సైట్ అయినా, టికెట్ల పోర్టల్ అయినా, భూముల రికార్డులైనా అదే మాట. ఏ కారణం? మళ్లీ రాకుండా ఏం చేశారు? అడిగేవాళ్లూ తక్కువే, చెప్పేవాళ్లూ తక్కువే. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఫ్రెండ్‌ను అడిగితే తన టీమ్‌లో ఎవరూ తప్పు ముందుగా ఒప్పుకోరన్నాడు. అప్రైజల్‌లో రాసేస్తారని భయం. ఒప్పుకోని ప్రతి పది నిమిషాలూ డీబగ్గింగ్‌కు గంట కలుపుతాయి. తప్పు చేసినవాడు 'నేనే మార్చా' అని వెంటనే చెప్పగలిగే చోట సర్వర్ తొందరగా లేస్తుంది. అంతే లెక్క.

మీ టీ బిల్లుకీ లింక్ ఉంది

ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 12, శనివారం. యూపీఐ మొండికేసింది. బ్యాంకుల వైపు నుంచి 'ఆ ట్రాన్సాక్షన్ ఏమైంది' అనే స్టేటస్ రిక్వెస్టులు వరదలా వచ్చిపడటం వల్ల అని ఎన్‌పీసీఐ తేల్చింది. పాత లావాదేవీల గురించి కూడా మళ్లీ మళ్లీ అడిగే సిస్టమ్స్ ఉన్నాయి. ఎన్నిసార్లు అడగాలి, ఎంత గ్యాప్ ఇవ్వాలి అన్నది కూడా సెట్టింగే. ఆ తర్వాతే ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లే బ్యాలెన్స్ చెక్ అనే లిమిట్ వచ్చింది. గుర్తుందిగా, అప్పట్లో అందరం జోకులేసుకున్నాం.

ఇక డబ్బుల సంగతి. క్లౌడ్ కంపెనీ సర్వీస్ ఆగితే అగ్రిమెంట్ ప్రకారం తన కస్టమర్ కంపెనీకి బిల్లులో కొంత క్రెడిట్ ఇస్తుంది. ఆ కంపెనీ యాప్ వాడే మీకు? సాధారణంగా ఏమీ రాదు. ట్రేడింగ్ యాప్ ఆగి నష్టపోతే నిరూపించుకోవడం మీ తలనొప్పే. బ్రోకర్లు టెక్నికల్ గ్లిచ్‌లను ఎక్స్ఛేంజీలకు చెప్పాలి, మూల కారణం ఏంటో రిపోర్ట్ ఇవ్వాలి అని సెబీ 2022లోనే రూల్ తెచ్చింది. కానీ ఆ రిపోర్టులు మామూలు ఇన్వెస్టర్ కంటపడటం అరుదు.

పేమెంట్ల దగ్గర మాత్రం మీకు ఒక హక్కు ఉంది. చాలామందికి తెలియదు. ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్ సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో డబ్బు కట్ అయి అవతలి వ్యక్తికి చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. షాపు పేమెంట్ అయితే 5 రోజుల్లోపు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయలు బ్యాంకే మీకు ఇవ్వాలి. అందుకే సర్వర్ డౌన్ ఉన్నప్పుడు అదే పేమెంట్‌ను నాలుగుసార్లు కొట్టకండి. స్క్రీన్‌షాట్ తీసుకోండి, ట్రాన్సాక్షన్ నంబర్ రాసుకోండి. ట్రేడింగ్ చేసేవాళ్లు బ్రోకర్ కాల్ నంబర్ ఫోన్‌లో ముందే సేవ్ చేసుకోండి.. యాప్ పడిపోయాక ఆ నంబర్ వెతకడానికి కూడా ఆ యాపే ఓపెన్ కావాలి మరి!

డిసెంబర్ తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ ఒక మాట ఇచ్చింది. సెట్టింగ్ మార్పులను కూడా ఇకపై కొత్త సాఫ్ట్‌వేర్ లాగే కొద్ది కొద్దిగా, చూసుకుంటూ పంపుతామంది. ఇదే మాట నా ఫ్రెండ్‌కు చెప్పి, మీ దగ్గర ఎలా చేస్తార్రా అని అడిగా. "శుక్రవారం సాయంత్రం మార్చకూడదని రూల్ ఉంది" అన్నాడు. పాటిస్తారా అంటే.. "ఈ శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఒక మార్పు ఉంది. అర్జెంటట" అన్నాడు. ఈ వీకెండ్ ఆన్‌కాల్ అతనిదే.